మౌలన్న కట్టిన అద్దాలు

ఎవురూ? షఫీ కూతురివా? ఆ మాట ముందే చెప్పొద్దా మే, నేనేమో రేషన్ కార్డులు రాసుకునేవాళ్లు మళ్లీ వచ్చినారనుకుని పలక్కుండా కూర్చోనుంటిని. రా, లోపలికి రా. మంచం మీద వల ఉండాది, దాన్ని అట్టా నెట్టేసి కూర్చో. పేరేంది? అస్మా. బాగుండాది. ఉద్యోగమా? ఏం కంపెనీ? ఎండకి కరెంటు పుట్టించే పలకలా. అవి మా పాలెంలో స్కూలు మీద కూడా పెట్టినారులే, కాకులు రెట్టలు వేసి పెట్టినాయి. అవి గాజువేనా? ఓడల్లో పంపిస్తారా? ఎట్టా కడతారు మీవాళ్లు? చుట్టూ పెట్టె లేకుండా, కింద కొయ్య, మూలల్లో కొయ్య, మిగతాదంతా బయటికి కనపడేటట్టు. ఓహో, అట్టానా. అందుకా మీ నాయన నన్నడగమని పంపించింది. చూడమ్మాయ్, మీ కంపెనీకి ఆ కట్టుడు ఎవురు నేర్పినారో నాకు తెలీదు, ఏ దేశపోళ్లో ఎప్పుడో కనిపెట్టుంటారు. మా షెడ్డులో మాత్రం కనిపెట్టింది మీ తాత. మౌలన్న. ఎవురినీ చూసి చేసింది కాదు, ఎవురూ చెబితే చేసింది కాదు. నేను కళ్లారా చూసినా కాబట్టి చెప్తా ఉండా. ఉండు, టీ పెడతా. పెడతానే చెప్తా, నాకు రెండు పనులు ఒకేసారి చెయ్యడం అలవాటే.

నువ్వు ఆయన్ని చూళ్లేదు గదా. నువ్వు పుట్టక ముందే పొయ్యినాడు. పొడుగు మనిషి, సన్నంగా ఉండేవాడు, చెవి మీద ఎప్పుడూ పెన్సిలు ముక్క. నమాజుకి పొయ్యేటప్పుడు కూడా తియ్యడం మర్చిపొయ్యేవాడు, మీ దాదీ సర్దార్‌బీ తిట్టేది, "దేవుడి ముందర కూడా కొలతలేనా నీకు" అని. వడ్రంగం ఆయన పని. మొదట్లో తలుపులు, బండి చక్రాలు చేసేవాడు. ఎనభై రెండో, ఎనభై మూడో, ఆ ఏడు చిల్లకూరు అవతల తెల్లిసక దిబ్బల కాడ గాజు కంపెనీ పెట్టినారు. ఆ ఇసక చూసినావా నువ్వు? ఉప్పు మాదిరి ఉంటాది. మేం చిన్నప్పుడు దాంట్లో పడి దొర్లేవాళ్లం, దాంతో గాజు చేస్తారని మాకేం తెలుసు. ఇప్పుడు ఆ కంపెనీ లేదులే, గోడలు మాత్రం ఉండాయి, మేకలు కట్టేసుకుంటా ఉండారు. దానికి ఓనరు కిషోర్ సారు. మంచాయనే గాని కోపం ముక్కు మీదుండేది. ఆయన కింద మేనేజరు అశోక్ అని ఒకాయన, అన్నిటికీ కాగితం, అన్నిటికీ సంతకం. సీసాలు చేసేవాళ్లు, అట్టనే పల్చటి అద్దాలు చేసేవాళ్లు, ఫోటోలకి ఫ్రేములు కడతారే, ఆ అద్దాలు. వేలితో నొక్కితే వంగేంత పల్చన. ఆ అద్దాలు ఆఫ్రికాలో మొంబాసా అని ఒక ఊరుండాదంట, ఆడికి పంపేటందుకు ఆర్డరు వచ్చింది. దానికోసమని ఒక షెడ్డు వేసి మమ్మల్ని తొమ్మిదిమంది ఆడోళ్లని పెట్టుకున్నారు అద్దాలు తుడిచి సర్దేదానికి. పెట్టెలు చేసేదానికి మౌలన్న. అంతే మేము, పదిమందిమి.

నాకు ఆ పని ఎందుకంటే, మా ఆయన వెంకయ్యకి తెప్ప ఒడ్డుకి లాగేటప్పుడు కాలు దాని కింద పడి నలిగిపొయ్యింది. ఏడాదికి పైగా సముద్రం మీదకి పోలా. ఇద్దరు బిడ్డలు, ముసలి మామ. ఆ షెడ్డు లేకపోతే మా ఇంట్లో పొయ్యి లేదు, ఉన్నదున్నట్టు చెప్తా ఉండా. మా తొమ్మిదిమందిలో అందరిదీ అదే కత. సామ్రాజ్యం అని ఒకామె ఉండేది, మొగుడు పొయ్యినాడు, ముగ్గురు ఆడబిడ్డలు. ఏసుమణి ఉండేది, ఆమె కూలితో ఆమె తమ్ముడు చదువుకునేవాడు. ఉండు, టీ పొంగతా ఉండాది. చక్కెర ఎక్కువేస్తా, నా చెయ్యి అంతే.

ఆ, మొదటిసారి పంపిన అద్దాల సంగతి చెప్పాల. నవ్వుతావు నువ్వు. విడవలూరు నుంచి వరిగడ్డి తెప్పించినారు, మేలైన గడ్డి, ఆవులు చూస్తే ఊరుకోవు. మావిడి కొయ్యతో పెట్టె, లోపల గడ్డి దట్టంగా కూరి, అద్దానికీ అద్దానికీ మధ్యన పాత పేపర్లు పెట్టి, పైన మూత వేసి మేకులు కొట్టినాం. పెట్టె మీద ఇంగ్లీషులో ఎర్రగా రాయించినారు, గాజుగ్లాసు బొమ్మ కూడా వేయించినారు. మౌలన్న పెట్టె మీద ఎక్కి గెంతినాడు, చూడండి కదలదు అని. మేం చప్పట్లు కొట్టినాం. రెణ్ణెల్లకి ఆర్డరిచ్చిన మొంబాసా సేటు కాడ్నుంచి ఉత్తరం. మూడొంతుల్లో ఒక వంతు పగిలిపొయ్యినాయి. పచ్చి మీద కూరిన గడ్డి ఓడలో ఎండి కుంచించుకు పొయ్యింది గదా, అద్దాలు లోపల గడగడా ఆడినాయి. అది చాలదన్నట్టు పగలని అద్దాల మీద ఏదో రాతలుండాయి, అవి ఏందని అడిగినాడంట. ఏముంది, సముద్రం చెమ్మకి మన పేపర్లోని అచ్చు అద్దానికి దిగింది. ఎంత తుడిచినా పోలేదంట. ఏదో సినిమా పోస్టరు, ఎవరిదో సంతాప ప్రకటన, ఎరువుల రేట్లు. ఆఫ్రికా వాళ్లు గోడకి ఫోటో పెట్టుకుంటే దాని మీద మన యూరియా ధర. అశోక్ సారు ఆ ఉత్తరం చదివి వినిపిస్తా ఉంటే సామ్రాజ్యం ఆపుకోలేక నవ్వేసింది. ఆయన కళ్లు ఎర్రజేసి చూసినాడు. మౌలన్న నవ్వలా, ఒక మూల నిలబడి గడ్డం గోక్కుంటా ఉండాడు.

రెండోసారి ఆయనకి పంతం వచ్చింది. వడ్రంగోడికి ఏం తోస్తాది చెప్పు, కొయ్య తక్కువైంది, మేకు తక్కువైంది అనే తోస్తాది. పలకల మందం రెట్టింపు చేసినాడు, మేకులు మూడింతలు, మూలలకి ఇనప బద్దీలు. గడ్డి బాగా ఎండబెట్టి కూరినాం, పేపరు బదులు తెల్లకాగితం. ఆ పెట్టెని ఎత్తేదానికి నలుగురు చాలక ఆరుగురు పట్టినారు. అద్దం ఖరీదు కంటే పెట్టె ఖరీదు ఎక్కువైందని అశోక్ సారు గొణిగినాడు. మౌలన్న వినిపించుకోలా. ఇది పగిలితే నా పేరు మార్చుకుంటా అన్నాడు. ఈసారి సగానికి సగం పగిలినాయి. ఎందుకంటావు? పెట్టె బరువైంది గదా, మొయ్యలేక దించకుండా పడేసినారు. ఆ సంగతి అప్పుడు మాకు తెలీదు. ఉత్తరం వచ్చిన రోజు కిషోర్ సారు షెడ్డులోకి వచ్చి ఒక్కటే మాట అన్నాడు. "మద్రాసులో కట్టించాలంటే నాకు గిట్టదు. మీరు కడితే నిలవదు. ఇంక అద్దాలాపేస్తా, సీసాలు చేసుకుంటా. షెడ్డు అక్కర్లేదు." మా తొమ్మిదిమందిమీ చేతిలో గుడ్డలు కింద పెట్టేసినాం. మౌలన్న ఆయన ముందుకి పొయ్యి, "ఒక్క నెల గడువియ్యండి సార్. ఇంకొక్కసారి చేస్తా" అన్నాడు. ఆయన సరేనని గూడా అనలా, వద్దని గూడా అనలా, వెళ్లిపొయ్యినాడు. అదే గడువనుకున్నాం మేం.

మర్నాడు మౌలన్న నా కాడికి వచ్చి, "చెంచమ్మా, నీకు అరవం వచ్చు గదా" అన్నాడు. మా అమ్మది అరవదేశంలో పళవేర్కాడు, నాకు చిన్నప్పుట్నుంచి అరవం వచ్చు. "మద్రాసు పోదాం. మన పెట్టెలు ఆడ ఏం పాట్లు పడతా ఉండాయో నా కళ్లతో చూడాల. వాళ్లతో మాట్లాడేదానికి నువ్వు కావాల" అన్నాడు. ఏం చెప్పేది, పరాయి మొగోడితో లారీలో మద్రాసు. పాలెంలో నోళ్లు ఊరుకుంటాయా? మా ఆయన మంచం మీద కాలు చాపుకుని, "పో. మౌలన్నతో పొయ్యేదానికి నన్నడిగేదేంది. వచ్చేటప్పుడు నాకొక టార్చిలైటు తీసకరా" అన్నాడు. అంతే, ఆ మనిషి మీద అందరికీ అంత నమ్మకం. కంపెనీ లారీ సీసాలు ఎత్తుకుని పోతా ఉంటే మేం ముందర డ్రైవరు పక్కన కూర్చున్నాం. సూళ్లూరుపేటలో ఇడ్లీ తిన్నాం. నేను ఆయనకి చెల్లెలు వరసని డ్రైవరుకి నాలుగుసార్లు చెప్పినాడు, అడక్కపోయినా.

హార్బరు లోపలికి మమ్మల్ని పోనియ్యరు, బయట పెద్ద గోడౌను ఉంటాది, ఆడ సరుకు దించి మళ్లీ ఓడకి ఎక్కిస్తారు. ఆ గోడౌను ఎదురుగ్గా టీ అంగడి బల్ల మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాం. ఎన్ని టీలు తాగినానో, నా కడుపు ఉబ్బిపొయ్యింది. మీ తాత టీ కూడా తాగలా, రెప్ప వెయ్యకుండా చూస్తా ఉండాడు. ఎవురెవురివో పెట్టెలు వస్తా ఉండాయి, వాటి మీద మన పెట్టెల మాదిరే గ్లాసు బొమ్మ, ఎర్ర రాతలు. కూలీలు ఆ బొమ్మ కేసి చూస్తే ఒట్టు. ఎత్తుతారు, దబ్బున వేస్తారు. నిలబెట్టాల్సిన పెట్టెని పడుకోబెట్టినారు, దాని మీద ఇంకొకటి, దాని మీద ఎక్కి కూర్చుని పేకాట. నాకు ఒళ్లు మండింది. పొయ్యి ఒకడ్ని అడిగినా, దాంట్లో ఏముందో తెలుసా అని. "యారుక్కు తెరియుం" అన్నాడు. ఎవనికి తెలుసు అంట. పెట్టె గదా, పెట్టె అంట. తిట్టేదానికి నోరు తెరిచినా, మౌలన్న వెనకనుంచి వద్దని చెయ్యి ఊపినాడు. "వాడిదేం తప్పు చెంచమ్మా. వాడికి పెట్టె కనపడతా ఉంది, పెట్టెని మోస్తా ఉండాడు" అన్నాడు. వెనకేసుకొచ్చినాడు చూడు, మా కూడు పగలగొట్టేవాళ్లని.

మధ్యాన్నం దాటింది. ఎదురు వీధిలో మంగలి షాపు కొత్తగా పెడతా ఉండారు కాబోలు, ఇద్దరు మనుషులు నిలువెత్తు అద్దం పట్టుకుని ఆ గోడౌను ముందరగా వచ్చినారు. దానికి గుడ్డ లేదు, పెట్టె లేదు, ఏమీ లేదు, ఒట్టి అద్దం, ఎండకి తళతళా మెరస్తా ఉంది. ఆ కూలీలు ఉండారే, పొద్దున్నుంచి పెట్టెల్ని పడేసినవాళ్లు, వాళ్లే. ఒకడు మూట కింద పెట్టేసి పక్కకి జరిగినాడు. ఒకడు తోపుడు బండోడిని ఆపినాడు. ఇంకొకడు పరిగెత్తి పొయ్యి అద్దం కింది అంచు పట్టుకున్నాడు, కాలువ దాటేదాకా వాళ్లతో పాటు నడిచినాడు, ఎవురూ పిలవలా వాణ్ణి. పేకాట ఆడేవాడు లేచి, ఆ అద్దంలో తల దువ్వుకుని మళ్లీ కూర్చున్నాడు. ఆ అద్దం మంగలి షాపులోకి పొయ్యేదాకా వీధి మొత్తం మెల్లిగా మాట్లాడింది. నాకేం వింతగా తోచలా, అద్దం గదా, జాగ్రత్తగానే ఉంటారు గదా అనుకున్నా. మీ తాత మాత్రం లేచి నిలబడిపొయ్యినాడు. "మనమే తప్పు చేసినాం చెంచమ్మా" అన్నాడు. "దాచిపెట్టినాం. దాచిపెట్టి, జాగ్రత్త అని రాసినాం. చూపిస్తే చాలు." తిరుగు దారంతా ఆయనకి అదే ధ్యాస. చెవి మీద పెన్సిలు తీసి సిగరెట్టు అట్ట మీద గీస్తానే ఉండాడు. మా ఆయన టార్చిలైటు మర్చిపోతిని, ఇంటికొచ్చినాక దానికి తిట్లు.

అప్పుడు మొదలుపెట్టినాడమ్మాయ్. పెట్టెనే తీసేసినాడు. కింద రెండు దిమ్మెలు, కాళ్లు మాదిరి వెడల్పుగా, పడుకోబెట్టాలన్నా పడుకోకుండా. నాలుగు మూలలకి నాలుగు కొయ్యలు. పక్కలంతా ఖాళీ, అద్దం కనపడతా ఉండాల. ముప్పై అద్దాలు నిలువునా, ఒకదాన్ని ఒకటి ఆనుకుని. గడ్డి వద్దు, కాగితం వద్దు. కానీ అద్దం అద్దం అంటుకుంటే గీతలు పడతాయి, చెమ్మకి అతుక్కుంటాయి. దానికేం చెయ్యాల? ఒకరోజు మధ్యాన్నం మీ దాదీ ఆయనకి అన్నం తెచ్చింది. రొట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి గుడ్డలో కట్టుకొచ్చింది. ఈయన తినకుండా వాటిని ఒక్కొక్కటే విడదీసి చూస్తా ఉండాడు. "ఇవి అతుక్కోలేదే ఎందుకు" అని అడిగినాడు. ఆమె, "పిండి చల్లినా గదా మధ్యలో. ఇన్నాళ్లుగా తింటా ఉండావు, ఇప్పుడా అడిగేది" అనింది. అంతే, రొట్టె చేతిలో పట్టుకునే రంపం కాడికి పొయ్యినాడు. కొయ్య కోసినప్పుడు పడే పొట్టు ఉంటాది గదా, దాన్ని ఎండబెట్టి, మా చేత రవిక గుడ్డల్లో జల్లించి, మెత్తగా మొహానికి రాసుకునే పౌడరు మాదిరి చేయించినాడు. అద్దానికీ అద్దానికీ మధ్యన అది చల్లేది. ఖర్చు లేదు, ఊడ్చి పారేసే సరుకు. మేం తొమ్మిదిమందిమీ తెల్లగా తయారై ఇంటికి పోతే మా బిడ్డలు జడుసుకునేవాళ్లు.

ఇంక కట్టేది. ఆయన మళ్లీ మేకు పట్టుకున్నాడు, వడ్రంగం పోతాదా. మేకు కొడితే అద్దం చివర చిట్లతా ఉంది. రెండ్రోజులు చూసినా, మూడో రోజు ఉండబట్టలా. "మౌలన్నా, మా మామ తెప్ప కడతాడు. దానికి మేకు కొట్టింది నువ్వు ఎప్పుడన్నా చూసినావా?" అన్నా. తాడే. మొద్దులన్నిటినీ తాడుతో బిగిస్తారు, అల కొట్టినప్పుడు రవ్వంత వంగి మళ్లీ బిగుసుకుంటాది. మేకు కొట్టిన తెప్ప ఒక్క అలకి విడిపోతాది. ఆయన మేకులు కింద పెట్టేసినాడు. ఇంకొక మొగోడైతే ఆడమనిషి చెప్పేదేంది అనుండేవాడు. ఈయన మా ఇంటికి వచ్చి మా మామ చెంగయ్య కాళ్ల కాడ కూర్చున్నాడు, ఆ ముడి నేర్పించుకునేదాకా లేవలా. మా మామకి పళ్లు లేవు, మాట సరిగ్గా రాదు, చేత్తోనే నేర్పినాడు. మౌలన్నకి వేళ్లు బొబ్బలెక్కినాయి. ఆ ముడి వేస్తే ముప్పై అద్దాలు ఒక్క దిమ్మె మాదిరి అయిపొయ్యినాయి, తట్టితే ఒకే మోత. అశోక్ సారు చూసి, "ఇదేంది, బట్టల్లేకుండా పంపిస్తావా సరుకుని" అని ఎకసెక్కాలాడినాడు.

కిషోర్ సారు వచ్చినాడు. చుట్టూ తిరిగి చూసినాడు. "దీన్ని లారీ మీద నుంచి పడేసి చూపించు" అన్నాడు. మేమందరం మౌలన్న కేసి చూసినాం. ఆయన, "పడేస్తే పగులుతాది సార్" అన్నాడు.  "పగులుతాదని నువ్వే అంటే నేనెందుకు పంపాల?" "పడెయ్యరు సార్. కనపడతా ఉంటే పడెయ్యరు." "ఎవురు చెప్పినారు నీకు?" "చూసినాను సార్." "పడేస్తే?" అన్నాడు ఆయన. అప్పుడు మీ తాత అనేసినాడమ్మాయ్, నిదానంగా, పెన్సిలు చెవి మీద సర్దుకుని, "షెడ్డు మూసెయ్యండి. మళ్లీ అడగను" అని. కిషోర్ సారు, "సరే, నాలుగు ఫ్రేములు పంపిద్దాం, నూట ఇరవై అద్దాలు. నీ మాట మీదే" అన్నాడు. పొయ్యినాడు.

ఆయన పొయ్యినాక నేను చేసింది చెప్తా. చెప్పకూడదు నీకు, అయినా మీ నాయన పంపించినాడు గాబట్టి చెప్తా. నాకు కోపం నెత్తికెక్కింది. షెడ్డు మూసెయ్యమనేదానికి నువ్వెవడివి? మమ్మల్ని అడిగినావా? నీకైతే చేతిపని ఉంది, తలుపులు చేసుకుంటావు, మేమేం చేసుకోవాల? నా మొగుడు మంచంలో ఉండాడు, సామ్రాజ్యం బిడ్డలు ఏం తినాల? అని అరిచినా. ఆయన ఒక్క మాట మాట్లాడలా. మాట్లాడుంటే అంతటితో పొయ్యేది, ఆయన ఊరుకునేసరికి నాకు ఇంకా ఎక్కింది. నీకు తెలుసా, మీ నాయన షఫీకి ముందు మీ దాదీకి ఇద్దరు పుట్టినారు. చెప్పలేదా మీ నాయన? చెప్పుండడులే, వాడికి మాత్రం ఏం తెలుసు. ఒకడు పురిట్లోనే, ఇంకొకతి మూడు నెలలకి. ఆ రెండో బిడ్డ పొయ్యి ఏడాది కూడా కాలా అప్పటికి. నేను అందరి ముందరా అనేసినా. "నీ చెయ్యి పడిందేది నిలిచింది మౌలన్నా? ఇంట్లో నిలిచినాయా, ఈ అద్దాలు నిలిచేదానికి?" అని. అనేసి తల తిప్పితే వాకిట్లో సర్దార్‌బీ వదిన, అన్నం గిన్నె పట్టుకుని. ఎప్పుడు వచ్చిందో. గిన్నె అట్టనే గడప మీద పెట్టేసి వెళ్లిపొయ్యింది. మౌలన్న రంపం తీసుకుని పని చేసుకున్నాడు, సాయంత్రం దాకా.

ఓడ పొయ్యింది. నలభై రోజులు పైనే, ఏ వార్తా లేదు. నేను ఆయనతో మాట్లాడలా. ఆయన మాత్రం మామూలుగానే, "చెంచమ్మా, ఆ తాడందుకో", "చెంచమ్మా, ఎండ తగ్గింది, పొడి లోపల పెట్టండి" అని. తాడు అందించేదాన్ని, మొహం చూసేదాన్ని కాదు. పనేం లేదు, ఉన్న అద్దాలే తుడిచి మళ్లీ తుడిచేవాళ్లం, ఖాళీగా కూర్చుంటే అశోక్ సారు రావద్దంటాడని. మీ దాదీ అన్నం తేవడం మానేసింది. ఆయన పొద్దున్నే తనే కట్టుకొచ్చుకునేవాడు. రోజూ మధ్యాన్నం మసీదు నుంచి వచ్చి గేటు కాడ నిలబడేవాడు, పోస్టుమేన్ సైకిలు దాటిపొయ్యేదాకా. నాకు లోపల ఎట్టా ఉండేదంటే, ఆ అద్దాలు పగిలిపొయ్యుంటే నా మాట నిజమైపోతాది గదా అని. మాకు కూడు పోతాదని కాదు, ఆ మాట నిజం కాకూడదని మొక్కుకున్నా. మా గంగమ్మకి మొక్కుకున్నా, మీ దర్గాలో కూడా మొక్కుకున్నా, ఎవురు విన్నా సరేనని.

ఒకరోజు మా చిన్నోడికి జొరమొచ్చి పనికి పోలా. పన్నెండు గంటల ఎండ. గుడిసె ముందర కూర్చుని వాడికి తడిగుడ్డ వేస్తా ఉండా. చూస్తే ఇసకలో మౌలన్న వస్తా ఉండాడు. కంపెనీ నుంచి మా పాలెం నాలుగు మైళ్లు, సైకిలు ఇసకలో కూరుకుపోతాదని చేత్తో తోసుకుంటా వస్తా ఉండాడు. చొక్కా తడిసి ముద్దై ఉండాది. షెడ్డు మూసేసినారని చెప్పేదానికి వస్తా ఉండాడనుకున్నా. వచ్చి సైకిలు మా పందిరి గుంజకి ఆనించి, జేబులోంచి టెలిగ్రాం తీసినాడు. నాకు చదువు రాదని ఆయనకి తెలుసు, అయినా నా చేతికే ఇచ్చినాడు. "చేరినాయి చెంచమ్మా. నూట ఇరవైలో ఒకటే మూల చిట్లిందంట. ఇంకో వెయ్యి పంపమన్నాడు. మొంబాసాలో దించేటప్పుడు ఎవురూ చెప్పకుండానే నలుగురు పట్టి చేతుల మీద దించినారంట" అన్నాడు. నేను ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూస్తా ఉండా. ఆయన, "నిన్నే ముందు అడిగుండాల్సింది నేను. మీ తొమ్మిదిమందినీ అడక్కుండా మాటిచ్చేసినా. అది తప్పే. అందుకే నీకే ముందు చెప్పాలని వచ్చినా, షెడ్డులో ఇంకా చెప్పలా" అన్నాడు. నాలుగు మైళ్లు. ఆ ఎండలో. ఆయన నన్ను క్షమాపణ అడిగినాడమ్మాయ్, ఆయన నన్ను. మా చిన్నోడి నుదురు పట్టి చూసి, జొరం తగ్గుతా ఉందిలే అని, గ్లాసుడు నీళ్లు తాగి, మళ్లీ సైకిలు తోసుకుంటా పొయ్యినాడు. నేను నోరు తెరవలా.

ఆ తర్వాత పదహారేళ్లు నడిచింది ఆ షెడ్డు. తొమ్మిదిమందిమి ఇరవై రెండు మందిమి అయినాం. మొంబాసా, కొలంబో, ఇంకా నాకు నోరు తిరగని ఊళ్లు. సామ్రాజ్యం ముగ్గురు ఆడబిడ్డల పెళ్లిళ్లూ ఆ షెడ్డు చేసింది. అశోక్ సారుకి ఎవురో శాలువా కప్పినారు, తక్కువ ఖర్చుతో సరుకు పంపినందుకని, పేపర్లో ఫోటో కూడా పడింది. మేం కొట్లాడదాం అంటే మౌలన్న, "శాలువా నేనేం చేసుకుంటా, ఈడ ఉక్కపోతకి" అన్నాడు. కొత్తగా ఎవురు చేరినా ఆయన వాళ్లకి ముడి నేర్పేటప్పుడు, "ఇది చెంగయ్య మామ ముడి. పొడి సర్దార్‌బీది. నాది ఒట్టి కొయ్యే" అని చెప్పేవాడు. అంతే చెప్పేవాడు. అట్టాంటి మనిషి పుట్టడమ్మాయ్, నేను మీ తాతని పొగుడతా ఉండానని కాదు. మీ నాయన షఫీ పుట్టినప్పుడు ఆసుపత్రి నుంచి నేరుగా షెడ్డుకొచ్చి అందరికీ మిఠాయి పంచినాడు. నాకు రెండు పెట్టినాడు.

అన్నేళ్లు ఒకే షెడ్డులో చేసినాం గదా. ఆయన ఆ మాట ఒక్కసారి ఎత్తలా. నేను ఎత్తాలని ప్రతి పండక్కీ అనుకునేదాన్ని. పండక్కి సేమ్యా పంపిస్తాడు, గిన్నె కడిగి రొయ్యలు పెట్టి పంపిస్తా, అంతటితో సరి. ఆయన పొయ్యినప్పుడు మీ ఇంటికొచ్చినా. ఆడోళ్లందరూ కూర్చోనుండారు, నేను పొయ్యి మీ దాదీ పక్కన కూర్చుని ఏడ్చినా. ఆమె నా వీపు నిమిరింది. ఆమె మొగుడు పోతే ఆమె నా వీపు నిమిరింది చూడు. అప్పుడన్నా చెప్పుండాల్సింది. చెప్పలా.

ఎట్టా ఉండాది ఆమె? లేస్తా ఉండాదా? మోకాళ్లా, అవి నాకూ ఉండాయిలే. చెవులు వినపడతాయా ఇంకా? మెల్లిగా మాట్లాడినా వినపడతాదా? ఊ.

ఆదివారం నేను వస్తానని చెప్పు. ఎందుకని అడిగితే ఊరికేనని చెప్పు. లే, లే, నాలుగున్నర బస్సు పోతే మళ్లీ ఆరింటికి గాని లేదు.